దుమ్ము తుడిచే గురువారం

మా ఆయన జుంబెర్ కథలు కొనుక్కొస్తాడు.
తుపాకులూ కెమెరాలూ వాటితో పాటు వస్తాయి, కొసరుగా.
త్బిలిసీలో, కింద ఏరు ఎండిపోయిన వంతెన మీద
శనివారం దుప్పట్లు పరిచి
చనిపోయినవాళ్ల చెంచాలు అమ్ముతారు.
అక్కణ్ణుంచి ఈయన చంక బరువుగా వచ్చాడంటే
ఈ నెల కూడా పొయ్యిలో కట్టెలు అప్పువే.

గోడకి ఇటు కెమెరాలు, అటు తుపాకులు,
మధ్యలో మా మంచం.
గురువారం గురువారం నేను తుడుస్తాను.
తోలు మడతలకి పొడిగుడ్డ,
గొట్టాలకి కుట్టుమిషను నూనె ఒక చుక్క.
కటకాల మీద ఊదుతాను, పాలు చల్లార్చినట్టు.
నూరేళ్లనాటి కన్ను కాస్త మసకబారి
మళ్లీ నన్ను పోల్చుకుంటుంది.

ఈ చెకుముకి తుపాకీ మడమ మీద పదిహేడు గాట్లు.
పదిహేడుమంది శత్రువులన్నాడు అమ్మినవాడు.
వచ్చినవాళ్లందరికీ మా ఆయన అదే చెప్పేవాడు.
చెప్పిన ప్రతిసారీ ఒక శత్రువుకి మీసాలు మొలిచేవి.
ఓసారి స్వానేతి కొండల నుంచి నాజిబ్రోలా అని ఒక ముసలావిడ వచ్చి
గాట్ల మీద వేలు పెట్టి చదివింది.
"మా మామగారిది. ఉప్పు బాకీల లెక్క ఇది.
ఇదిగో, ఈ అడ్డగీత మా పుట్టింటివాళ్లది,
ఇంకా తీర్చలేదు" అని పళ్లు లేకుండా నవ్వింది.
ఆ రాత్రి మా ఆయన రొట్టె ముట్టలేదు.
పదిహేడుమంది ఒక్కసారే బతికి
ఇంట్లోంచి లేచి వెళ్లిపోయారు మరి.

పక్కనున్న పెట్టె కెమెరా మాట్లాడదు.
ఏదో ఆఫీసులో గోడకి బిగించి ఉండేదట.
ఎదురుగా ఒకసారి, పక్కకి తిరిగి ఒకసారి.
ఎన్ని మొహాలు తీసిందో
అది గాట్లు పెట్టుకోలేదు.

కింది అరలోది మా తమ్ముడు మాల్ఖాజ్‌ది.
తుపాకీ మడమకి బిగించిన కెమెరా.
భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, మీట నొక్కితే
పిట్ట దొరుకుతుంది, చావకుండా.
తొంభై రెండు జనవరి. ఊళ్లో కాల్పులు.
పొగలోంచి లేచే కాకుల కోసం వాడు మేడెక్కాడు.
కుడిచేతి బొటనవేలు పోయింది.
మడమలో తూటా దూరిన చోట
ఇప్పటికీ నా చిటికెనవేలు పడుతుంది.
గుడ్డ చుట్టి తిప్పుతాను.
తర్వాత వాడికి దేని మీదా గురి కుదరలేదు.
ఆదివారాలు వస్తాడు,
ఆ అర వైపు వీపు పెట్టి కూర్చుంటాడు.
గోడ మీది తుపాకుల్లో మందు లేదు,
ఉన్నదంతా వాడి గ్లాసులోనే.

మొన్న శనివారం మా ఆయన ఇంకో రైఫిల్ తెచ్చాడు.
అమ్మినవాడిది మన వీధి మలుపులో రొట్టెల కొట్టేనట,
చేతులకి మోచేతుల దాకా పిండి.
"ఆ గొడవల్లో ఒక్కసారే పేల్చాను" అన్నాడట.
"మేడ మీద స్నైపర్. గొట్టం కొస ఎండకి తళుక్కుమంది.
పడ్డాడు. అప్పట్నించి నాకు..."
అని ఆపేసి చిల్లర లెక్కపెట్టుకున్నాడట.

గొట్టం తళుక్కుమంటుందా?
తళుక్కుమనేది అద్దం.
ఏ మేడ అని అడగలేదా అన్నాను.
బేరంలో పడి మర్చిపోయానన్నాడు,
కథలు కొనే మనిషి.
రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

ఊరినిండా మేడలే.
ఆ చలికాలం మేడకో మనిషి.
వాడే వీడు కానక్కర్లేదు.

ఇవాళ గురువారం.
కొత్తదాన్ని ఏ గోడకి పెట్టాలో తెలీక మంచం మీద పడుకోబెట్టాను.
తమ్ముడి కెమెరా మీద అంకె ముప్పై ఒకటి దగ్గర ఆగి ఉంది.
ఇంకా అయిదు మిగిలాయి.
కడిగిస్తానని ఏటా అంటాడు మా ఆయన,
ఈ ఏడు అనలేదు.
రెంటినీ ఒకే గుడ్డతో తుడిచాను,
తర్వాత ఆ గుడ్డని రెండుసార్లు ఉతికాను.

ఆదివారం మాల్ఖాజ్ వస్తాడు.
రొట్టె తేవాలి.
ఏ కొట్టు నుంచో ఇంకా తేల్చుకోలేదు.