టికెట్టు వెనక

రాయదుర్గంలో పదకొండో అంతస్తు.
తెర మీద చికాగో మనిషి నవ్వుతూ అన్నాడు:
"ఈసారికి రెయిన్ చెక్ తీసుకుంటాను."
నేను అద్దంలోంచి బయటికి చూశాను.
మే నెల. ఆకాశం కాలిన పెనం.
వాన ఎక్కడ?

తర్వాత పక్క సీటు ఫర్హీన్ చెప్పింది.
అక్కడ బేస్‌బాల్ అని ఒక ఆట,
మన క్రికెట్‌కి దూరపు చుట్టం.
ఆట మధ్యలో వానొస్తే
తడిసిన జనాన్ని ఉత్త చేతుల్తో పంపరట,
టికెట్టు ముక్క దాచుకోమంటారట,
ఇంకో రోజు అది చూపించి లోపలికి రావచ్చు.
ఆ ముక్క పేరు రెయిన్ చెక్.
వాన వెలిసింది, ఆట అక్కడే ఉండిపోయింది,
మాట ఒక్కటే సముద్రాలు దాటి ఆఫీసుల్లో చేరింది,
రానని చెప్పకుండా రాకుండా ఉండటానికి.

నాకు నచ్చింది. వాడటం మొదలుపెట్టాను.
సత్తుపిండి చేశాను రమ్మన్న హారికకి,
నాంపల్లి నుమాయిష్‌కి రెండేళ్లు వరసగా,
పంటి డాక్టరుకి కూడా.
ఫర్హీన్ నవ్వేది: "మా ఇంట్లో దీన్ని పర్సోం అంటారు.
ఎల్లుండీ కాదు, మొన్నా కాదు,
కేలెండర్‌లో లేని రోజు."

వారాసిగూడలో మా పై వాటా బాలనర్సయ్యది.
ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు కండక్టరు.
ఇప్పటికీ మెట్లు దిగుతూ "ముందుకు జరగాలె" అంటాడు,
ముందు ఎవరూ లేకపోయినా.
ఓ ఆదివారం కొర్రమట్ట పులుసు, తినిపొమ్మన్నాడు.
"రెయిన్ చెక్, నర్సయ్యగారూ," అన్నాను చెప్పులేసుకుంటూ.
"ఏందది?"
మెట్ల మీదే చెప్పాను. ఆటా, వానా, ముక్కా.

"గంతేనా! మా బస్సుల్ల రోజూ ఉండె కదా బిడ్డా.
చిల్లర లేకుంటే టికెట్ వెనక రాసిచ్చేటోణ్ణి,
మూడు రూపాయలని, ఏడు రూపాయలని.
దిగేటప్పుడు అడిగి తీసుకోవాలె.
సగం మంది మర్చిపోయి దిగేటోళ్లు.
యాదికొచ్చేసరికి బస్సు చిలకలగూడ దాటేది.
పైసలు డిపోల కట్టేటోణ్ణి,
మనాది ఇంటికి తెచ్చుకునేటోణ్ణి."

ఒకామె నాలుగు నెలల తర్వాత అదే బస్సెక్కి
కొంగు ముడి విప్పిందట.
తడిసి, నీలంగా అలుక్కుపోయిన ముక్క.
అంకె లేదు.
ఎంత, అనడిగితే
"రాసింది మీరు, మీకే తెల్వాలె," అన్నదట.
పది ఇచ్చాడట.
ఎక్కువిచ్చాడో తక్కువిచ్చాడో
ఆ లెక్క ఇంకా తేలలేదు.

జూలైలో ముసురు పట్టింది.
సీతాఫల్‌మండి వంతెన కింద మోకాలి లోతు నీళ్లు.
క్యాబు రాలేదు, ఇంకోటీ రాలేదు,
ఆఫీసు ఇంట్లోంచే.
తలుపు కింద నుంచి ఏదో జారింది.
పాత టికెట్టు. పల్చటి కాగితం, మూల చిరుగు.
వెనక, కదిలే బస్సులో రాసినట్టు వంకర అక్షరాలు:

కొర్రమట్ట పులుసు, ఒకటి. బాకీ.

కింద సంతకం. ముక్క ఇంకా తడవలేదు.
తెరలో చికాగో మనిషి అడుగుతున్నాడు,
నా గొంతు వినిపిస్తోందా అని.
నేను మ్యూట్‌లో ఉన్నాను.
టికెట్టు అటూ ఇటూ తిప్పాను,
తారీఖు ఎక్కడా లేదు.
తలుపు తీసి గడప మీద ఆగాను.
పైనుంచి మెంతుల వాసన,
దాని వెనకే ఆయన కేక:
"డోర్ కాడ నిలవడొద్దు,
లోపలికి రావాలె."