డొల్లగా మోగే గోడ

మూడు నెలలకోసారి
నూట ఏడో బ్లాకు పదిహేను అంతస్తులూ ఎక్కి
బాల్కనీల చివర ఉన్న పలచని గోడల మీద
వేలి కణుపులతో కొడతాను.
డొల్లగా మోగితే సంతకం పెట్టి ముందుకు పోతాను.
మొద్దుగా పలికిందంటే
అవతలో ఇవతలో ఎవరో ఏదో పేర్చారన్నమాట.

డొల్ల అనే మాట ఎక్కడైనా తిట్టే.
ఇక్కడ మాత్రం అదే ఆయుష్షు.

ముప్ఫై ఏళ్లు బుసాన్ రేవులో క్రేను నడిపాను,
బరువులంటే నాకు తెలుసు.
ఈ గోడకు బరువు లేదు. ఉత్త జిప్సం బోర్డు.
సిమెంటు వేయడం మరిచిపోయి కాదు,
పగలగొట్టడానికే కట్టారు దీన్ని.
మన మెట్లదారి పొగతో మూసుకుపోతే
తన్ని, పొరుగింట్లో పడి,
వాళ్ల మెట్ల మీదుగా దిగిపొమ్మని.
ఇల్లు అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు.
కొనేవాళ్లు సముద్రం కనిపిస్తుందా అనే అడుగుతారు.

పదకొండు వందల మూడులో మాల్సున్ గారు
ఆ గోడకు ఆనించి ఏడు జాడీలు పెట్టింది.
సోయా ముద్ద, మిరప ముద్ద, ఉప్పులో ఊరే చిట్టి రొయ్యలు.
"ఎండ అక్కడే పడుతుంది, ప్యో గారూ,
మీ రూలొచ్చి నా జాడీలకు ఎండ పెడుతుందా?"
అవతల పదకొండు వందల రెండులో గీహ్యోన్,
రాత్రంతా పార్సిళ్లు మోసి పగలు పడుకునే కుర్రాడు.
వాడు స్నానం చేస్తూ పాడతాడని ఆమె,
వాడు కన్ను మూసే వేళకే
ఆమె వెల్లుల్లి దంచుతుందని వాడు,
నా గది ముందు ఫిర్యాదులు.
గోడకు చెవులుంటాయంటారు.
ఆ గోడకు చెవులు తప్ప ఇంకేమీ లేవు.

నాలుగుసార్లు చెప్పాను. ఐదోసారి
చెప్పడం మానేసి నేనే మోశాను.
ఏడు జాడీలూ కిటికీ కిందికి చేరాయి,
నా నడుం పట్టేసింది.
ఆమె రెండు వారాలు నాతో మాట్లాడలేదు.
ఊరగాయ అదిమే నల్లరాయి ఒకటి
గోడ వారనే ఉండిపోయింది.
మరిచింది నేనే.

ఫిబ్రవరి. ఈదురుగాలి రాత్రి.
తొమ్మిదో అంతస్తులో, చెప్పుల అర పక్కన
చార్జింగ్‌లో పెట్టి నిద్రపోయిన స్కూటర్ బ్యాటరీ.
మెట్ల దగ్గరి ఇనుప తలుపు
దానంతటదే మూసుకోవాలి.
సైకిలు తిప్పుకోవడానికి ఎవరో ఇటుక అడ్డం పెట్టారు.
నిప్పు లేనిదే పొగ రాదంటారు,
నిజమే, కానీ నిప్పు రెండంతస్తుల కిందే ఆగింది.
పొగ ఆగలేదు,
చెప్పులైనా విప్పకుండా ఇళ్లలోకి నడిచింది.

మైకులో అరిచాను:
లిఫ్టు ఎక్కొద్దు, తలుపు కాలుతుంటే తెరవొద్దు,
వంగి నడవండి, తడిగుడ్డ, తడిగుడ్డ...
తర్వాతి మాటలు కాగితం మీదున్నాయి.
కళ్లజోడు ఎక్కడుందో
దేవుడికి తెలియాలి.

తలుపు కిందినుంచి నల్లటి నాలుక లోపలికి రావడం చూసి
డెబ్బై ఆరేళ్ల మాల్సున్ గారు రాయి ఎత్తింది.
మూడు దెబ్బలంటుంది ఆమె.
గీహ్యోన్ ఒక్కటీ వినలేదు.
ఆ రోజు వాడికి సెలవు, చెవుల్లో పాట.
కళ్లు తెరిచేసరికి మంచం పక్కన
ముక్కుకు తడి తువ్వాలు, చేతిలో రాయి,
నెత్తిమీద తెల్లటి సున్నప్పొడితో ఒక ముసలమ్మ.
"చెప్పులేసుకో" అందట,
"అక్కడంతా పెంకులున్నాయి."

వాడి మెట్ల మీదుగా దిగారు.
వాడు ఆమె చేయి వదల్లేదు, ఆమె రాయి వదల్లేదు.
కింద నన్ను చూసి,
రెండు వారాల తర్వాత మొదటి మాట:
"ఆ కిటికీ కింద ఎండ చాలడం లేదు."

కొత్త బోర్డు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.
అన్నాళ్లూ ఆ కంతకు దుప్పటి కట్టారు.
పాట ఇటూ, వెల్లుల్లి అటూ
నిండుగా వెళ్లి ఉంటాయి.
నా గది ముందుకు ఎవరూ రాలేదు.

నిన్న ఎనిమిది వందల రెండులో కొట్టాను.
మొద్దుగా పలికింది. వాషింగ్ మెషిన్.
"రేపు జరుపుతాం" అన్నారు తలుపు సందులోంచి.
ఇల్లు కాలాక బావి తవ్వే సామెత
నోటిదాకా వచ్చింది.
మింగేసి,
చొక్కా చేతులు పైకి మడిచాను.