గుంజ నడుము

ఎర్రగుంట్లలో ఏప్రిల్.
ఫ్యాక్టరీ బూడిద వేపాకుల మీద, నా టిఫిన్ డబ్బా మీద.
పాలిటెక్నిక్‌లో నేను మూడుసార్లు తప్పిన సబ్జెక్టు
ఈ కొత్త స్లాబు కింద
సర్వి గుంజలై నిలబడి ఉంది.

నూటా పన్నెండు. నేను లెక్కపెట్టాను.
సెంట్రింగు మేస్త్రి హుస్సేనప్ప లెక్కపెట్టడు.
ఒక కన్ను మూసి వరస వెంబడి చూస్తాడు
సూదిలోకి దారం ఎక్కించేవాడిలా.

పైన మిల్లరు కడుపు తిరుగుతోంది.
తట్ట తర్వాత తట్ట.
రేకుల సందుల్లోంచి సిమెంటు పాలు
నా మెడ మీద ఒక చుక్క.

బరువెక్కువైతే కట్టె నలుగుతుందనుకునేదాన్ని.
పొట్టిదైతే నిజమే.
పొడుగుది అందాకా ఆగదు,
నలగని బలం ఒంట్లో ఇంకా నిండుగా ఉండగానే
పక్కకు తప్పుకుంటుంది.
తొంభైతొమ్మిది తట్టలదాకా నిటారు.
నూరోదానికి
విల్లు.

కిటికీ వైపు నుంచి నాలుగోది.
"ఓబులేసూ, తట్టలాపు!"
ఇంకో గుంజ తెమ్మంటాడనుకున్నా.
తెమ్మనలేదు.
పైన పోసింది పారతో పక్కకు లాగించి,
నోట్లో రెండు మేకులు పెట్టుకొని,
గుంజను సరిచేసి, సరిగ్గా సగం ఎత్తులో
అడ్డకట్టె ఒకటి
గట్టిపడిన పిల్లరుకు బిగించాడు.

"నడుం పట్టుకుంటే సాలు మేడమ్మా.
తలా కాళ్లూ అవే సూసుకుంటాయి."

ఆ అడ్డకట్టె గుప్పెడు బరువు మొయ్యదు.
తప్పుకోవద్దని చెబుతుంది, అంతే.

అప్పుడు గుర్తొచ్చింది
పరీక్షలో ప్రతిసారీ వదిలేసిన చిన్న రెండు,
పొడుగు నెత్తిన కూర్చునే వర్గం గుర్తు.
పొడుగు సగమైతే బలం రెండింతలని రాసేదాన్ని.

"ఎన్నింతలంటాది మీ బుక్కు?"
"నాలుగు."
మేకులు నోట్లోంచి తీసి ఆలోచించాడు.
"కట్టె పచ్చిది గదా. మూడనుకో."

పద్దెనిమిదో రోజు విప్పారు.
ఆ గుంజ దాదాపు నిటారుగానే వచ్చింది,
బొటనవేలంత వంపు మాత్రం మిగుల్చుకుంది.
ఒంగిన చోట సున్నంతో గీత గీసి
రంపం పెట్టాడు హుస్సేనప్ప.
"పొయ్యిలోకా?"
"పొయ్యిలోకేందమ్మా! రెండు పొట్టి గుంజలు. సన్‌సైడు కిందికి.
ఇప్పుడు వంచమను, ఎవుడొంచుతాడో."

చేతిలోకి తీసుకున్నాను.
రంపప్పొట్టు ఇంకా తడిగానే ఉంది.