ఐసు లెక్క

బిట్రగుంటలో మా ఐసు ఫ్యాక్టరీకి రెండు తలుపులు.
ముందు తలుపులోంచి దిమ్మలు పోతాయి
జువ్వలదిన్నె పడవలకి, రొయ్యల లారీలకి.
వెనక తలుపులోంచి ఆటగాళ్ళొస్తారు
కుంటుకుంటా,
ఒక కాలికి చెప్పు, ఒక కాలికి వాపు.
వాళ్ళకిచ్చే ముక్కలకి బిల్లు రాయం.
ఆరేళ్ళుగా లెక్కలు చూస్తుండా గదా,
మా తాత పెంచలయ్య ఎక్కడ నష్టపోయినాడో
నాకు ఆ తలుపు కాడే తెలిసింది.

తాత లోకోషెడ్డులో బొగ్గేసిన మనిషి.
ఆవిరి ఇంజన్లు పోయినాక
వచ్చిన డబ్బుల్తో ఐసు పెట్టినాడు,
మిగిలిన దాంతో బంతి కొన్నాడు.
"ముప్పై ఏళ్ళు మంటకాడ నిలబడినా,
ఇంక చల్లగా బతుకుతా" అన్నాడంట.
చల్లగా బతికింది లేదు.
పదకొండు మందికి నెల జీతమిచ్చే సరదా
ఎవురికైనా పడితే గానీ తెలవదు.

పొలం పంచుకున్నట్టే టీమును పంచుకున్నారు.
నాయనకి సగం, మస్తానయ్య బాబాయికి పాతిక,
ఇంకో పాతిక వెంగమ్మత్తది.
ఆమె వాటా కింద టికెట్ల కిటికీ రాసిచ్చినారు.
మనిషికి ఇరవై. తోడబుట్టినోడైనా చిల్లర తెచ్చుకోవాల.
ఒకసారి ఎస్సై నవ్వుకుంటా లోపలికి పోబోతే
"యూనిఫాంకి ఒద్దులే సార్,
లోపలుండే మనిషికి ఇయ్యి" అన్నది.

ఆదివారం రాత్రి బోర్డు మీటింగు.
బోర్డంటే వంటింటి ముందర పరిచిన చాప.
చేపల పులుసు దబర అధ్యక్షస్థానంలో ఉంటది.
సెంటర్ ఫార్వర్డుని అమ్మేద్దామన్నాడు బాబాయి,
గోవా వాళ్ళు అడుగుతుండారంట, మంచి రేటంట.
నాయన పలకలేదు,
పులుసులో మామిడి ముక్క వెతుకుతా ఉండాడు.
అత్త మటుకు చెయ్యి కడుక్కోకుండానే అన్నది:
"మలప్పురం బిడ్డ గదరా,
వాళ్ళమ్మ వారం వారం నాకు ఫోన్ జేస్తది.
ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకి రాదు.
అమ్మేశామని ఎట్ట చెప్పేది?"
అమ్మలేదు.
కంప్రెసరు మార్చేది ఇంకో ఏడాది వాయిదా పడింది.

కోచ్ ఖాజావలి మీటింగుకి రాలేదు.
నా పేరు మీద ఒక కాగితం పంపినాడు,
శనివారం మ్యాచికి పదకొండు పేర్లు.
గోల్ కాడ మా తమ్ముడు చెంచు పేరు లేదు.
ఇసకపల్లి కుర్రోడు పామంజి నాగూరు పేరుంది.
పద్దెనిమిదేళ్ళోడు,
ఊగే పడవలో నిలబడడం నేర్చిన కాళ్ళు.
కింద సన్నంగా రాసుండాడు: "మీరు సరే అంటేనే."

ఆ మూడు మాటలు చూస్తా కూచున్నా.
ఫ్యాక్టరీ గోడకి బంతి కొడతా పెరిగినాడు చెంచు.
ఆ మచ్చల మీద ఇప్పటికీ సున్నం వెయ్యనీదు అత్త.
కానీ కావలి మ్యాచిలో
రెండు బంతులు వాడి చంకల కింద నించి పోయినాయి.
నేను చూసినా.
టికెట్టు కొన్న మూడొందల పద్నాలుగు మందీ చూసినారు.
సంతకం పెట్టినా.
పెన్నులో ఇంకు అయిపోయుంటే బాగుండు. అయిపోలేదు.

శనివారం ఒకటి ఒకటి.
నాగూరు ఒకటి ఆపినాడు, ఒకటి ఒదిలినాడు.
"చెంచయినా అంతే జేసుండు" అని
నాకు ఇనపడేటట్టు ఇంట్లో ఇద్దరనుకున్నారు.
కావచ్చు.

ఆ రాత్రి నాగూరు వచ్చినాడు వెనక తలుపు కాడికి,
మణికట్టు బన్నులాగ ఉబ్బి.
ఐసు కాడ డ్యూటీ చెంచుది.
ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలా.
నేను పుస్తకంలోంచి తల ఎత్తలా.
మణికట్టుకి ఒక్క దెబ్బ ముక్క చాలు,
సుత్తి చప్పుడు మూడుసార్లు ఇనపడింది.

తర్వాత చానాసేపు
గడప బయట రెండు జతల చెప్పులు అట్టనే ఉన్నాయి.
నేను కంప్రెసరు రొద వింటా ఉండా,
మధ్యలో ఒకచోట దగ్గుతుంది అది,
ఇంకో ఏడాది లాగాల.