ఎక్కువైన చుట్టు

ఫోర్ట్ కెంట్‌లో ఆ శనివారం మైనస్ పంతొమ్మిది.
నా చేతికొక అట్ట, ఒక పెన్సిలు ఇచ్చారు.
పెన్ను వద్దన్నారు, సిరా గడ్డకడుతుందట.
వారమంతా ఆస్పత్రి ల్యాబులో రక్తకణాలు లెక్కపెట్టేదాన్ని,
నూట యాభై మీటర్ల పెనాల్టీ లూపు పక్కన నిలబడి
మనుషుల్ని లెక్కపెట్టలేనా అనుకున్నాను.

పక్కన ఒడిల్ సిర్. డెబ్బై నాలుగేళ్ళు.
నలభై కోతకాలాలు బంగాళాదుంపలు ఏరిన వేళ్ళు.
కోటు జేబులోంచి బక్‌వీట్ అట్టు తీసి
సగం తుంచి నాకిచ్చింది.
"చూడు, గీత గియ్యి, నోరు మాత్రం విప్పకు.
ఒక్క మాటన్నా సాయం చేసినట్టే."

ఆడవాళ్ళ రిలే. జట్టుకి నలుగురు.
చేతులు మార్చుకోవడానికి కర్రముక్క కూడా లేదు ఇందులో,
ముందుదాని వీపు మీద వెనకదాని అరచెయ్యి పడాలి,
అంతే.
గుండె చెవుల్లో కొట్టుకుంటుండగా వచ్చి
ఊపిరి బిగబట్టి కాల్చాలి.
నల్లచుక్కలు అయిదు, తగిలితే తెల్లబడతాయి.
తూటాలు అయిదు, పైన చేబదులు మూడు.
ఆ మూడూ ఒక్కొక్కటే, కొంకర్లు పోయే వేళ్ళతో
గొట్టంలోకి ఎక్కించుకోవాలి.
అన్నీ అయ్యాక ఎన్ని నల్లగా మిగిలితే
అన్ని చుట్లు నా కళ్ళముందు.

ఆమె చివర్లో వచ్చింది.
పసుపు బిబ్బు. పద్నాలుగో జట్టు, మూడో మనిషి.
నది మీంచి గాలి లేచి జెండాల్ని అడ్డంగా పరిచేసింది.
నిలబడి కాల్చింది. ఎనిమిదీ అయిపోయాయి.
మూడు నలుపు.

ఒక గీత.
రెండో చుట్టు మలుపులో స్కీ అంచు మంచులో దిగి
మోకాళ్ళ మీద పడింది.
లేచింది. చుట్టూ చూసింది,
నిద్రలేచి ఏ ఊరో తెలియనట్టు.
రెండో గీత.
మూడో గీత.
అయిపోయింది తల్లీ, వెళ్ళు.
బయటికి దారి ఎడమవైపు తెరిచే ఉంది.
ఆమె కుడికి తిరిగింది.

నా నోట్లో అట్టు ముక్క అలాగే ఉంది.
ఒడిల్ నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా.
ఇరవై ఆరు సెకన్లు
నేను ఒక మనిషి అనవసరంగా ఆయాసపడటం చూశాను.
ఒక చుట్టు తగ్గితే జట్టుకి శిక్ష రెండు నిమిషాలు.
ఆ భయానికే కాబోలు
లేని అప్పు తీర్చింది.

కాగితంలో తక్కువైతే రాయడానికి గడి ఉంది.
ఎక్కువైతే లేదు.
నాలుగో గీత గళ్ళకి బయట, అంచున గీశాను.

మార్పిడి గీత కనిపించే దూరంలో
అందరికన్నా ముందున్న జట్టు ఆమెను దాటేసింది.
ఒక పూర్తి రౌండు వెనకబడితే ఆట అక్కడితో సరి.
ఎర్రకోటు మనిషి చెయ్యెత్తి పక్కకి పిలిచాడు.

నీలం బిబ్బు అమ్మాయి అప్పటికే జాకెట్ విప్పేసింది.
చలికి తొడలు చరుచుకుంటూ, వెనక్కి తిరిగి చూస్తూ,
భుజాన తుపాకి,
అందులో ఈ రోజు పేలని తూటాలు.
ఆమెతో ఎవరో చెప్పారు. తలూపింది.
జాకెట్ మాత్రం తొడుక్కోలేదు.

పసుపు బిబ్బు నడుచుకుంటూ వచ్చింది, స్కీలు చంకన పెట్టుకుని.
కంచె ఇవతల, టీ ఫ్లాస్కుల దగ్గర,
నీలం బిబ్బు వెనక్కి తిరిగి నిలబడి వీపు చూపింది.
పసుపు బిబ్బు చేతి తొడుగు తీసి
అరచెయ్యి ఆనించింది.
గడియారాలేవీ దాన్ని నమోదు చెయ్యలేదు.

"నాలుగో పిల్లనైనా ఎలాగూ దాటేసేవాళ్ళే," అంది ఒడిల్.
నిజమే.
బయల్దేరి ఉండేది కదా, అన్నాను.
ఒడిల్ అట్టులో మిగిలిన సగం పక్షులకి వేసింది.

సాయంత్రం జాబితాలో పేరు చూశాను. ఉగ్నే.
వాళ్ళ లిథువేనియా భాషలో నిప్పు అట.

సోమవారం మైక్రోస్కోపు కింద
డెబ్బై దగ్గరో డెబ్బై ఒకటి దగ్గరో
లెక్క తప్పిందనిపించింది.
మళ్ళీ మొదటి గడి నుంచి మొదలుపెట్టాను.
నన్నెవరూ దాటిపోలేదు.