గ్రేడు

టంగుటూరులో షేక్ మస్తాన్‌బీ
కళ్లు మూసుకుని చెప్పేదట
ఏ ఆకు ఏ గ్రేడో.
పలచనా, మందమా, నూనె పట్టిందా లేదా
వేలికొసకి తెలిసిపోయేది.
బయ్యరు గొణిగినా
ఆమె చెప్పిందే చెక్కు మీద రాసేవాళ్లు.

ఇప్పుడు ఆమె ఊపిరితిత్తి ముక్క ఒకటి,
రెండు గొట్టాల రక్తం,
నాలుగే అక్షరాల పొడుగాటి రాతగా మారి
ఒంగోలు కర్నూలు రోడ్డులో, మేడమీద గదిలో
నా కంప్యూటర్లో ఉన్నాయి.

పుట్టుకతో వచ్చిన రాత పక్కన
చెడిపోయిన రాత పెట్టి చూశాను.
తేడాలు నాలుగువందల పన్నెండు.
సీ ఉండాల్సిన చోట ఏ.
మళ్లీ సీ చోట ఏ.
పొగ ఎక్కడికెళ్లినా వేలిముద్ర వేసే వస్తుంది.
"చుట్ట ఏనాడూ ముట్టలా" అని
ఫారంలో రాయించింది ఆమె.
బ్యారన్ పొగో, పెనిమిటి చుట్టో,
దొడ్డివైపు ఒంటరిగా కూర్చున్న రాత్రుళ్లో,
నేను అడగలేదు.
ఆ గడి అలాగే వదిలేశాను.

నా పని గ్రేడింగు.
ఏ తప్పు ప్రొటీన్ అవుతుంది, ఏది ఉత్త దుమ్ము,
తొమ్మిదేసి పూసల తునకల్లో
ఏది ఆమె కణం గుమ్మానికి వేలాడగలదు —
ఆ గుమ్మం కొలత ఆమెదే,
పక్కింటామెకి సరిపోదు —
దాన్ని చూసి, కాపలా తిరిగే తెల్లకణం
"ఇది మనింటిది కాదే" అంటుందా.

రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
ఇన్వర్టరు కీచుమని ఆగిపోయింది.
మళ్లీ మొదటినించీ.

తెల్లారాక మిగిలినవి పదకొండు.
మొదటిదాని అంకె బాగుంది.
అంకె బాగుంటే పంట పండినట్టు కాదు:
పోయినేడు ఒకాయనకి ఇరవై ఎంచితే
ఒంట్లో కదలిక తెచ్చినవి రెండే.

పదింటికి ఆమె వచ్చింది,
దగ్గుని కొంగులో మూటగట్టుకుంటూ.
కాయితం ఇస్తే, చదువు రాదు గనక,
రెండు వేళ్ల మధ్య రుద్దింది.
చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విన్నది.
"మరీ ఎండిందే అమ్మాయ్,
ఇట్టయితే తునిగిపోద్ది.
కాస్త తేమ పట్టించి కట్టాల."

తర్వాత, మెల్లగా:
"ఇందులో నంబర్ వన్ ఏది?"

చూపించాను.
ఆ వరస మీద బొటనవేలు ఆనించి
చాలాసేపు తియ్యలేదు.
గోరు చుట్టూ పొగాకు జిగురు,
పని మానేసి ఏడాదైనా
ఇంకా నల్లగానే.