ఆరో గడి

సిరొంచ తహసీల్ ఆఫీసుల
కళాకారుల పింఛను ఫారం మరాఠీల ఉంది.
పెద్దబాపుకు చదువు రాదు, నేనే నింపుతున్న.
ఆరో గడి: ఏ తీరు సంగీతం?
బోర్కర్ సాబు తలెత్తకుండనే అన్నడు
"లోకసంగీత్ అని రాయి."

లోకమా!
పెద్దబాపు చంకల డప్పును
ఒళ్లెకు జరుపుకున్నడు.
"గంత పెద్దమాట నాకెందుకురా,
నేను కొట్టేది పెండ్లికి, పీనుగుకు,
పీర్ల గుండం కాడ.
ప్రాణహిత నిండుగున్ననాడు
అవతలి ఒడ్డుకే వినరాదు."

లోక్ అంటే వాళ్లకు జనమే అని
చెప్పబోయి ఆగిన.
అవే అక్షరాలు.
నది దాటంగనే ఎంత పెరిగినయి!
పై గడిల శాస్త్రీయ్ ఉంది,
దాన్ని ఏ లోకానిదని ఎవరూ అడగరు.

"రాయి మరి," అన్నడు చాలాసేపటికి,
"అబద్ధమైతే వాళ్లే కొట్టేస్తరు."

బయట, నేను తప్పురాసిన మొదటి ఫారం
ముట్టించి తోలు కాపిండు.
సరిపోలేదు. ఇంత గడ్డి ఏరితెచ్చిన.
ఒక్క దెబ్బ.
వెదురుబుట్టల మాడియా ముసలామె
తన భాషల ఏదో అని
గంప పక్కకు జరిపి
మాకు చోటిచ్చింది.